మనుషులకు ‘ద్విలింగ’ అని రాయకండి: తెలుగు సంపాదకులకు ఒక బోటనీ లెక్చరర్ బహిరంగ లేఖ

తెలుగు దినపత్రికల సంపాదకులకు, న్యూస్ చానెళ్ల ఎడిటర్లకు, వెబ్‌సైట్ డెస్క్‌లలో పనిచేసే సబ్‌ఎడిటర్లకు, రెండు తెలుగు రాష్ట్రాల మీడియా అకాడమీల బాధ్యులకు,

నమస్కారం.

నేను ఇంటర్మీడియట్ బైపీసీ పిల్లలకు బోటనీ చెప్తాను. మా ఇంట్లో ఇప్పటికీ రెండు పేపర్లు వేయించుకుంటాం. కాబట్టి ఇది మీ మీద కోపంతో రాస్తున్న ఉత్తరం కాదు. కానీ మామూలు దారిలో చెప్తే వినిపించుకోలేదు కాబట్టి నలుగురి ముందూ చెప్పాల్సి వస్తోంది.

ఒక పత్రిక ఆదివారం అనుబంధంలో బైసెక్సువల్ అనే మాటకు ‘ద్విలింగ వ్యక్తులు’ అని రాశారు. అంతటితో ఆగకుండా ‘స్త్రీ, పురుష లక్షణాలు రెండూ ఉన్నవారు’ అని వివరణ కూడా ఇచ్చారు. అది తప్పని పాఠకుల లేఖల శీర్షికకు రాశాను, వేయలేదు. సంపాదకుడి పేరు మీద మెయిల్ పెట్టాను, జవాబు రాలేదు. చివరికి డెస్క్‌కి ఫోన్ చేస్తే ఒక సబ్‌ఎడిటర్ గారు మర్యాదగానే మాట్లాడారు. “మేడం, అది ఏజెన్సీ కాపీ. బై అంటే ద్వి, సెక్స్ అంటే లింగం. ఇంకేం రాయమంటారు?” అన్నారు. ఆయన్ని తప్పు పట్టలేను. రాత్రి ఎడిషన్ టైముకి నిఘంటువు చూసి ముక్కకు ముక్క పెట్టేశారు. అయితే ఆ ముక్కల వల్ల ఇళ్లలో ఏం జరుగుతోందో ఆయనకు తెలియదు. ఈ ఉత్తరం అందుకే.

ముందు ఆ మాట సంగతి చూద్దాం. ‘ద్విలింగ’ అనేది మా సబ్జెక్టులో రోజూ వాడే మాట. క్లాసులో మందార పువ్వు తీసుకుని ఆకర్షక పత్రాలు తుంచేస్తే మధ్యలో సన్నటి గొట్టం ఒకటి మిగులుతుంది. దాని చుట్టూ పసుపు పుప్పొడి తిత్తులు ఉంటాయి. ఆ గొట్టంలోంచే కీలం పైకి వచ్చి, చివర అయిదు ఎర్రటి కీలాగ్రాలుగా చీలుతుంది. కేసరాలూ అండకోశమూ ఒకే పువ్వులో ఉన్నాయి కాబట్టి అది ద్విలింగ పుష్పం. ఉమ్మెత్త కూడా అంతే. కాకర, సొర, దోస అలా కాదు. వాటికి మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. పువ్వు వెనక చిన్న పిందె కనిపిస్తే అది ఆడపువ్వని మా పిల్లలు పెరట్లో చూసి చెప్పేస్తారు. ఇదంతా శరీర నిర్మాణం. ఏ పువ్వుకు ఏ పువ్వు మీద ఇష్టమో బోటనీ చెప్పదు.

ఇంకొన్ని వార్తా కాపీల్లో ‘ఉభయలింగులు’ అని కనిపిస్తుంది. అది జువాలజీ వాళ్లు వానపాము గురించి, జలగ గురించి చెప్పేటప్పుడు వాడే మాటకు దగ్గర. మనుషులకు పెడితే ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి.

నేను ఏళ్లుగా గమనిస్తున్నది ఒకటి చెప్తాను. ఇంగ్లీష్ మీడియం సెక్షన్‌లో ‘బైసెక్సువల్ ఫ్లవర్’ అనగానే వెనక బెంచీల్లో ముసిముసి నవ్వులు మొదలవుతాయి. తెలుగు మీడియం సెక్షన్‌లో ‘ద్విలింగ పుష్పం’ అంటే ఒక్కరూ నవ్వరు. అంటే పదహారేళ్ల పిల్లలకు కూడా ఇంగ్లీష్ మాటలో ఆకర్షణ అనే అర్థం ఉందని తెలుసు, తెలుగు మాటలో అది లేదనీ తెలుసు. మీ డెస్క్‌కి తెలియకపోవడమే విచిత్రం.

మనుషుల విషయంలో బైసెక్సువల్ అంటే ఒకటి కంటే ఎక్కువ జెండర్ల వారి పట్ల ఆకర్షణ కలిగే వ్యక్తి. మామూలు మాటల్లో చెప్పాలంటే ఆడవాళ్ల మీదా మగవాళ్ల మీదా ప్రేమ, ఆకర్షణ కలగగలవారు. ఆ వ్యక్తి శరీరం అందరి శరీరంలాంటిదే. రెండు ఆకర్షణలూ సరిసమానంగా ఉండాలని లేదు, రెండూ ఒకేసారి ఉండాలనీ లేదు. ఒకే మనిషితో జీవితమంతా కాపురం చేసినా ఆ మనిషి బైసెక్సువలే. అమెరికాలో ఆల్ఫ్రెడ్ కిన్సీ అనే శాస్త్రవేత్త 1948లో మగవాళ్ల లైంగిక ప్రవర్తన మీద పుస్తకం వేసినప్పుడు, మనుషుల్ని రెండు డబ్బాల్లో పడేయకుండా సున్నా నుంచి ఆరు దాకా ఒక కొలత పెట్టాడు. ఆయన మొదట కీటకాల మీద పరిశోధన చేసిన జంతుశాస్త్రవేత్త. మనుషుల ఆకర్షణకు బైసెక్సువల్ అనే మాట వాడటం ఆయనకే నచ్చలేదు. జీవశాస్త్రంలో ఆ మాటకు శరీర నిర్మాణం అనే అర్థం ఉంది కాబట్టి చదివేవాళ్లు పొరబడతారని ఆయన అభ్యంతరం. ఇంగ్లీషులో కాలం గడిచేకొద్దీ ఆ రెండో అర్థం స్థిరపడిపోయింది. తెలుగులో స్థిరపడలేదు. పైగా ‘లింగం’ అనే మాటకు మన దగ్గర అవయవం అనే అర్థమే ముందు తడుతుంది.

మూడు వేరు వేరు విషయాలు మీ కాపీల్లో ఒక్కటైపోతున్నాయి. పుట్టుకతో శరీర లక్షణాల్లో తేడా ఉండేవారు ఇంటర్‌సెక్స్ వ్యక్తులు. పుట్టినప్పుడు రాసిన జెండర్ తమది కాదని గుర్తించేవారు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు. ఎవరి మీద మనసు పడుతుందన్నది లైంగిక ఆకర్షణకు సంబంధించిన విషయం. గే (మగవాళ్ల మీద మనసు పడే మగవారు), లెస్బియన్ (ఆడవాళ్ల మీద మనసు పడే ఆడవారు), బైసెక్సువల్ అనేవి ఈ మూడోదానికి చెందిన మాటలు. ట్రాన్స్‌జెండర్ మహిళ బైసెక్సువల్ కావచ్చు, కాకపోనూవచ్చు. దీనికి డిగ్రీ అక్కర్లేదు, ఒక పావుగంట శ్రద్ధ చాలు.

ఇక ఈ గందరగోళం మామూలు మనుషుల్ని ఎక్కడ దెబ్బ కొడుతోందో వరుసగా చెప్తాను.

1. తప్పు డాక్టరు దగ్గరికి వెళ్తున్నారు. మా పిన్ని కొడుకు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. వాడి అనుమతి తీసుకునే ఇది రాస్తున్నాను. సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు తను బైసెక్సువల్ అని వాళ్లమ్మకు చెప్పాడు. పిన్ని టెన్త్ వరకు చదువుకుంది, పేపర్ అక్షరం వదలకుండా చదువుతుంది. మీరు అనుబంధంలో ఇచ్చిన వివరణ ఆమెకు గుర్తుంది. కొడుకు ఒంట్లో ఏదో దాచిపెట్టిన లోపం ఉందనుకుని, ఎవరికీ చెప్పకుండా జిల్లా కేంద్రంలో యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లింది. అక్కడ పొట్ట స్కానింగ్ అయింది. హార్మోన్ల రక్తపరీక్షలూ చేయించింది. వాడు అమ్మను బాధపెట్టలేక అన్నిటికీ ఊరుకున్నాడు. రిపోర్టులు వచ్చాక పిన్ని నాకు ఫోన్ చేసి, “అంతా నార్మలేనట అమ్మాయ్, వెంకన్న దయ. ఇక సంబంధాలు చూసేద్దాం” అంది. వాడు చెప్పిన మాట ఆమె చెవిదాకా రానే లేదు, మధ్యలో మీ వివరణ అడ్డం పడింది. తర్వాత నేను కూర్చుని మందార పువ్వుతో సహా విడమరిచి చెప్పేసరికి, “మరి పేపర్లో అలా రాశారేంటి?” అని అడిగింది. ఆ ప్రశ్న మీకే పంపిస్తున్నాను.

2. పెళ్లి. అర్థం కొంచెం సరిగ్గా తెలిసినవాళ్లు కూడా, “అయితే అమ్మాయిలన్నా ఇష్టమేగా, ముహూర్తం పెట్టిద్దాం, మిగతాది అదే పోతుంది” అంటారు. పెళ్లితో ఆకర్షణ మారదు. మనిషి ఇష్టపడి, ఎదుటివాళ్లకు అన్నీ చెప్పి చేసుకుంటే అది వాళ్ల జీవితం. దాచి చేస్తే పెళ్లికూతురికో పెళ్లికొడుక్కో కూడా అన్యాయమే. దీనికి రెండో వైపు ఇంకోటి ఉంది. ‘రెండూ కావాలి’ అనే అర్థంలో మీరు వాడే చిలిపి హెడ్డింగుల వల్ల బైసెక్సువల్ అంటే నమ్మదగని మనిషి, ఒకరితో ఉండలేని మనిషి అనే ముద్ర పడిపోయింది. గేల మధ్య కూడా వీళ్లని పూర్తిగా నమ్మరు. ఇటు ఇంట్లో నమ్మరు. అద్దెకు ఇల్లు వెతుక్కునేటప్పుడు, ఆఫీసులో పక్క సీటువాడికి తెలిసిపోయినప్పుడు ఆ ముద్ర ఎంత బరువో మోసేవాళ్లకే తెలుస్తుంది.

3. క్రైమ్ వార్తలు. డేటింగ్ యాప్‌లో పరిచయమై, గదికి పిలిచి, వీడియో తీసి డబ్బులు గుంజే ముఠాల వార్తలు మీ జిల్లా పేజీల్లో వస్తూనే ఉన్నాయి. అక్కడ నేరం దోపిడీ, బెదిరింపు. కానీ హెడ్డింగులో నిలబడేది బాధితుడి ఇష్టాఇష్టాలు. ఊరు, వృత్తి, వయసు, మొదటి అక్షరం వేశాక ‘పేరు మార్చాం’ అని రాసినా ఉపయోగం లేదు, ఊళ్లో అందరికీ తెలిసిపోతుంది. అందుకే ఇంకా చాలామంది పోలీస్ స్టేషన్ మెట్లు ఎక్కరు. ముఠాలకు కావలసింది కూడా అదే.

ఈ విషయంలో తెలుగు మీడియాకు ఒక చరిత్ర ఉంది, గుర్తుచేయక తప్పదు. 2011లో ఒక తెలుగు వార్తా చానెల్ హైదరాబాద్‌లోని గే యువకుల ప్రొఫైళ్లను, ఫోన్ సంభాషణలను స్టింగ్ పేరుతో ప్రసారం చేసింది. వార్తా చానెళ్లు తమ మీద తామే పెట్టుకున్న నియంత్రణ సంస్థ న్యూస్ బ్రాడ్‌కాస్టింగ్ స్టాండర్డ్స్ అథారిటీ ఆ చానెల్‌కు లక్ష రూపాయల జరిమానా వేసి, క్షమాపణ ప్రసారం చేయమని ఆదేశించింది. అప్పటికి ఇంకా గోప్యత మీద సుప్రీంకోర్టు పెద్ద తీర్పు రాలేదు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని చెప్పింది. లైంగిక ఆకర్షణ ఆ గోప్యతలో విడదీయరాని భాగమని కూడా అందులోనే ఉంది. 2018 సెప్టెంబర్ 6న, స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377వ సెక్షన్ మీద తీర్పు వచ్చాక, పెద్దల మధ్య పరస్పర అంగీకారంతో జరిగేది నేరమే కాదు. అయినా కొందరు కంట్రిబ్యూటర్లు పంపే కాపీలు ఇంకా పాత చట్టం నడుస్తున్నట్టే ఉంటాయి.

4. డాక్టరు సలహాల శీర్షికలు. ‘నాకు మగవాళ్లంటే కూడా ఆకర్షణ కలుగుతోంది, ఇది జబ్బా?’ అనే తరహా ప్రశ్నకు ‘పెళ్లి చేసుకోండి, వ్యాయామం చేయండి, తగ్గిపోతుంది’ అనే జవాబు ఇప్పటికీ అచ్చవుతోంది. తగ్గడానికి అది జబ్బు కాదు. స్వలింగ ఆకర్షణను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే జబ్బుల జాబితా నుంచి తీసేసింది. ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ కూడా 2018లో ఇది మానసిక రోగం కాదని ప్రకటించింది. ఆకర్షణను ‘మారుస్తాం’ అని చెప్పే కన్వర్షన్ థెరపీ వృత్తిపరమైన దుష్ప్రవర్తన కిందికి వస్తుందని 2022లో దేశంలో వైద్యవృత్తిని నియంత్రించే నేషనల్ మెడికల్ కమిషన్ అన్ని రాష్ట్రాల మెడికల్ కౌన్సిళ్లకూ తెలియజేసింది. మద్రాస్ హైకోర్టులో జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ విచారించిన కేసు వల్ల అది జరిగింది. అంటే అలాంటి వైద్యం చేసే డాక్టరు మీద చర్య తీసుకోవచ్చు. మరి అదే సలహా అచ్చువేసే పత్రిక సంగతి ఏమిటి? మనసు బాగోలేక ధైర్యం చేసి ఉత్తరం రాసిన ఇరవయ్యేళ్ల పిల్లాడు ఆ నాలుగు లైన్లు చదివి ఏమైపోతాడో ఒకసారి ఊహించండి.

5. నష్టం బైసెక్సువల్ వ్యక్తులకే పరిమితం కాదు. అందర్నీ ఒకే గాటన కట్టడం వల్ల ఇంటర్‌సెక్స్ బిడ్డ పుట్టిన తల్లిదండ్రులకు సరైన సమాచారం అందదు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల పింఛను, గుర్తింపు కార్డు లాంటి అసలు సమస్యలు ‘వాళ్లంతా అదో టైపు’ అనే మాట కింద పడిపోతాయి.

మీ వైపు నుంచి వచ్చే అభ్యంతరం నాకు తెలుసు: ఇంగ్లీష్ మాట అలాగే రాస్తే పల్లెటూరి పాఠకుడికి అర్థం కాదంటారు. 2020లో క్వారంటైన్, కంటైన్‌మెంట్ జోన్, ఆక్సీమీటర్ అనే మాటల్ని నెల తిరక్కుండా మా ఊరి రచ్చబండ దాకా చేర్చింది మీరే. రోజూ ఒక లైను వివరణ ఇచ్చారు, జనం నేర్చుకున్నారు. దీనికీ ఆ ఒక్క లైనే అడుగుతున్నాను. అచ్చతెలుగు మాట కనిపెట్టమని పండితుల్ని ఇబ్బంది పెట్టడం లేదు. ఎప్పుడో మంచి మాట పుడితే అప్పుడు వాడుకుందాం. అది పుట్టేది కూడా ఆ జీవితాలు గడిపేవాళ్ల నోట్లోంచే.

ఇంకో అభ్యంతరం, ఇది పెద్ద నగరాల గొడవ, మన పాఠకులకు ఎందుకని. స్వలింగ వివాహాల మీద సుప్రీంకోర్టు 2023 అక్టోబర్ 17న తీర్పు ఇచ్చిన కేసు సుప్రియో పేరు మీద ఉంది. ఆ పిటిషన్ వేసిన జంట హైదరాబాద్‌లో ఉంటున్నవాళ్లే. హైదరాబాద్ వద్దనుకుంటే మా జిల్లా కేంద్రంలోని ఆ స్కానింగ్ సెంటర్ చాలు.

నా డిమాండ్లు ఇవి.

1. మనుషుల లైంగిక ఆకర్షణ గురించి రాసేటప్పుడు ‘ద్విలింగ’, ‘ఉభయలింగ’ అనే మాటలు ఈ రోజు నుంచే ఆపేయండి. తెలుగు లిపిలో ‘బైసెక్సువల్’ అని రాసి, ‘ఆడవారి పట్లా మగవారి పట్లా ఆకర్షణ కలగగల వ్యక్తి’ అని ఒక్క వాక్యం చేర్చండి. ఏ మాట ఎలా రాయాలో చెప్పే మీ స్టైల్ షీట్‌లో ఎక్కిస్తే జిల్లా డెస్క్‌లకూ చేరుతుంది.

2. ఇప్పటికే వెబ్‌సైట్‌లో ఉన్న పాత వ్యాసాల్లో తప్పు దిద్దండి, దిద్దినట్టు కింద రాయండి. ప్రింటులో వచ్చినదానికి ‘సవరణ’ వేయండి. దిద్దుకోవడం నామోషీ కాదు. 2024 ఆగస్టు చివర్లో నేషనల్ మెడికల్ కమిషన్ ఎంబీబీఎస్ ఫోరెన్సిక్ సిలబస్‌లో లెస్బియనిజాన్ని అసహజ నేరాల పక్కన చేర్చింది. విమర్శలు రాగానే సెప్టెంబర్ మొదటి వారంలోనే వెనక్కి తీసుకుంది. కేంద్ర స్థాయి సంస్థే అంత త్వరగా వెనక్కి తగ్గగలిగినప్పుడు ఆదివారం అనుబంధానికి ఏం అడ్డం?

3. నేర వార్తల్లో బాధితుల, నిందితుల లైంగిక ఆకర్షణను హెడ్డింగులోకి, స్క్రోలింగులోకి, థంబ్‌నైల్‌లోకి లాగకండి. కేసుకు అది తప్పనిసరి అయితే తప్ప వార్తలో కూడా అక్కర్లేదు. ఆ వ్యక్తి ఎవరో తెలిసిపోయే ఆనవాళ్లు ఇవ్వకండి. కామెడీ షోలలో ‘తేడా’, ‘మాడా’ అని నవ్వించడం గురించి వేరే ఉత్తరం రాయాలి, ఇక్కడ ఎత్తడం లేదు.

4. ఆరోగ్య శీర్షికల్లో ఇలాంటి ప్రశ్నలకు మానసిక వైద్య నిపుణుల చేతే జవాబు ఇప్పించండి. ‘తగ్గిపోతుంది’, ‘మారుస్తాం’ అనే సలహాలూ ఆ తరహా క్లినిక్‌ల ప్రకటనలూ తీసుకోకండి. లైంగిక ఆకర్షణ ఆధారంగా వివక్ష లేకుండా మానసిక వైద్యం పొందే హక్కు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో రాసి ఉంది. ఆ విషయం జవాబు చివర వేయండి.

5. తెలంగాణ మీడియా అకాడమీ, సి. రాఘవాచారి ఆంధ్రప్రదేశ్ మీడియా అకాడమీ కలిసి ఒక పదకోశం తయారు చేయాలి. తమిళనాడు ప్రభుత్వం మద్రాస్ హైకోర్టు చొరవతో 2022లో తమిళ పదాల జాబితాను అధికారికంగా విడుదల చేసింది. మనకు రెండు ప్రభుత్వాలు, రెండు అకాడమీలు ఉన్నాయి, అలాంటి అధికారిక జాబితా మాత్రం నా కంట పడలేదు. ఆ పని చేసేటప్పుడు బైసెక్సువల్, గే, లెస్బియన్, ట్రాన్స్‌జెండర్, ఇంటర్‌సెక్స్ వ్యక్తులు కూడా బల్ల దగ్గర కూర్చోవాలి. మాలాంటి లెక్చరర్లను పిలిచినా పిలవకపోయినా ఫర్వాలేదు.

6. మీరు నడిపే జర్నలిజం స్కూళ్లలో కొత్త బ్యాచ్‌కి ఒక పూట ఈ పాఠం పెట్టండి. మందార పువ్వు కావాలంటే నేనే తెచ్చి చెప్తాను, ఫీజు అక్కర్లేదు.

పత్రికల మీద ఫిర్యాదులు వినే ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయాలంటే ముందు సంపాదకుడికి రాసి ఉండాలి. అది రాశాను. దినపత్రిక విషయంలో ప్రచురణ తేదీ నుంచి రెండు నెలల్లోపు ఫిర్యాదు వేయాలి. ఆ గడువు ఇంకా మిగిలే ఉంది. ఆలోపు మీ నుంచి సవరణ గానీ కనీసం జవాబు గానీ రాకపోతే ఆ ఫిర్యాదు, ఆదివారం అనుబంధం కటింగ్‌తో సహా, ఢిల్లీకి వెళ్తుంది. వెళ్లే అవసరం రాకూడదనే నా కోరిక.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఒక జూనియర్ కాలేజీ బోటనీ లెక్చరర్